గొర్రెపిల్ల బాకీ

చిట్టాలో జమ వ్రాసి ఖర్చు దాచిన వర్తకుడు చివరకు తన్ను తానే మోసగించుకొనును. మనము వాడు మందుల విషయమునను ఇట్టి లెక్క యొకటి కలదు.

న్యూజీలాండులోని ఆక్లండు నగర వైద్యుడు గ్రాహం లిగిన్స్, ప్రసవము ఆరంభమగుటకు కారణము తల్లియా, గర్భస్థ శిశువా అని గొర్రెలపై పరిశోధించెను. కడుపులోని పిల్ల మూత్రపిండముల మీది గ్రంథి నుండి వెలువడు కార్టిసాల్ అను రసమే తల్లికి నొప్పులు తెప్పించునని తేలినది. ఆ జాతి మందు నిచ్చినపుడు, నెలలు నిండక పుట్టిన పిల్లల ఊపిరితిత్తులు అనుకొన్నదానికంటె మెరుగుగా గాలి పట్టినవి. ఈ సంగతి 1969లో ప్రకటింపబడెను. 1972లో రాస్ హౌవీతో కలిసి 282 మంది తల్లులపై జరిపిన పరీక్షా ఫలితము వెలువడినది. నేడు అనేక దేశములలో ఆ సూదిమందు అకాల శిశువులను బ్రతికించుచున్నది.

అయితే ఆ గొర్రెలు తమ ఇష్టముతో శరీరము నొసగలేదు. హింస తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని మెచ్చుట, ఈ మూడును దోషములే యని జైనధర్మము చెప్పును. మరి జైన తల్లి ఆ సూది వేయించుకొనవచ్చునా?

వేయించుకొనవచ్చును. కాపాడగల బిడ్డను చావనిచ్చుట అహింస యనిపించుకొనదు. మందు పుచ్చుకొనుట వేరు, జరిగిన హింసను మెచ్చుట వేరు. కాని ఫలము ననుభవించి ఆ మూగజీవుల బాధను మరచినచో, ఆ మరపే మెప్పుగా మారును.

కనుక ఆ మందుతో బిడ్డ దక్కిన ఇంటివారు పింజరాపోలులో ఒక చూడిగొర్రె పోషణ వహించినచో దానిని దానపు పద్దులో వ్రాయరాదు. అది పాతబాకీపై వడ్డీ. ప్రాణిని బాధింపని పరిశోధనకు ధనమిచ్చినపుడే అసలులో కొంత తీరును.