ఒకటిన్నర రోజు నడక

క్వేకర్లు ఒట్టు పెట్టుకోరు. కోర్టులో బైబిలు మీద ప్రమాణం చేయమన్నా ససేమిరా అంటారు. ఒట్టేసినప్పుడే నిజం చెబుతామంటే మిగతా వేళల్లో చెప్పేది అబద్ధమనేగా అన్నది వాళ్ల వాదం. ఈ పట్టుదలకే ఇంగ్లండులో జైళ్లకూ వెళ్లారు. ఆ మతస్థుడైన విలియం పెన్ 1682లో అమెరికాలోని డెలావేర్ నది తీరాన దిగాడు. రాజు రాసిచ్చిన పట్టా చేతిలో ఉన్నా, అక్కడి లెనాపే ఆదివాసుల దగ్గర మళ్లీ భూమి కొన్నాడు.

ఆయన 1718లో పోయాడు. కొడుకు థామస్ పెన్ నెత్తిన అప్పులున్నాయి. అప్పట్లో పెన్సిల్వేనియా తాత్కాలిక గవర్నరు జేమ్స్ లోగన్, అతనూ క్వేకరే. వీళ్లిద్దరూ 1686 నాటిదంటూ సంతకాల్లేని ఒక నకలు కాగితం బయటికి తీశారు. రైట్స్‌టౌన్ దగ్గర మొదలుపెట్టి ఒక మనిషి ఒకటిన్నర రోజులో ఎంత దూరం వెళ్లగలడో అంత నేల పెన్ కుటుంబానిదని అందులో ఉంది. చూపించిన పటంలో నదులనూ వాగులనూ అటూ ఇటూ చేశారు. పోయేది కొద్ది నేలేనని నమ్మి, 1737 ఆగస్టులో లపావిన్సో, న్యూటిమస్ తదితర పెద్దలు గుర్తులు పెట్టారు.

వామనుడు మూడడుగులు అడిగినప్పుడు, వచ్చినవాడెవరో బలికి శుక్రాచార్యుడు ముందే చెప్పాడు. బలి తెలిసే ఇచ్చాడు. లెనాపే పెద్దల చెవిన ఆ మాట వేసినవాడు లేడు.

సెప్టెంబరు 19 తెల్లవారుజామున పెన్ తరఫున ముగ్గురు నడకకు బయల్దేరారు. అడవిలో దారి ముందే కొట్టించి ఉంచారు. గెలిచినవాడికి 5 పౌండ్లు, 500 ఎకరాలు. జెన్నింగ్స్ మొదటి రోజే ఆగిపోయాడు, యేట్స్ రెండో రోజు కుప్పకూలాడు. ఎడ్వర్డ్ మార్షల్ ఒక్కడే దాదాపు 65 మైళ్లు వెళ్లాడు. చివర్లో గీత నేరుగా నదికి కలపకుండా ఏటవాలుగా పైకి లాగారు. మొత్తం సుమారు 1,200 చదరపు మైళ్లు పోయాయి. నది వెంట నడవాలి, మధ్యలో ఆగి పైపు కాల్చుకోవాలి, ఉడుతను కొట్టుకోవాలి, రోజంతా పరుగేమిటని లపావిన్సో నిలదీశాడు.

మాట తప్పారా? కాగితం ప్రకారం లేదు. గడువు మీరలేదు, కాళ్లతోనే వెళ్లారు. కానీ అవతలివాడు ఏమని అర్థం చేసుకున్నాడో తెలిసి, ఆ అర్థాన్ని అలాగే ఉండనిచ్చి, దాని మీదే సంతకం తీసుకుంటే, అది ఒట్టు వద్దన్న మతం కొలమానంలోనే అబద్ధం. లోగన్ ఆ లెక్క ఎలా సరిపెట్టుకున్నాడో గానీ, అందరు క్వేకర్లూ సరిపెట్టుకోలేదు. 1756లో ఈస్టన్ సభలో లెనాపే నాయకుడు టీడ్యుస్కంగ్ కాళ్ల కింది నేలను చూపి ఇది మోసంతో లాక్కున్నదేనన్నప్పుడు, ఇజ్రాయెల్ పెంబర్టన్ బృందం అతని వెనక నిలిచింది. పెన్ కుటుంబంతో వాళ్లకున్న రాజకీయ వైరం కూడా ఇందులో పని చేసిందనుకోండి. ఇక థామస్ ఆంగ్లికన్ చర్చిలో చేరిపోయాడు. తండ్రి లెనాపేలతో స్నేహం చేసుకుంటున్న ప్రసిద్ధ చిత్రాన్ని బెంజమిన్ వెస్ట్‌తో గీయించింది మాత్రం ఆయనే!

2004లో లెనాపేల వారసులైన డెలావేర్ నేషన్ పెన్సిల్వేనియా మీద దావా వేసి, అప్పుడు పోయిన నేలలో 315 ఎకరాలు తిరిగి కోరింది. అది ఒకప్పుడు టాటమీ అనే లెనాపేది. దుబాసీగా పనిచేసి, క్రైస్తవం పుచ్చుకుని, ఇంగ్లీషు పట్టా కూడా పొందినవాడు. మోసం జరిగిందనే అనుకున్నా, పాలకుడు ఆదివాసుల భూమి హక్కును ఏ తీరున రద్దు చేశాడన్నది కోర్టులు విచారించే విషయం కాదని 2006లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు.