ఛాయాగ్రాహకుని ధర్మము

ఉన్నదానిని ఉన్నట్లు పట్టుటయే ఛాయాచిత్రమని పలువురు తలంతురు. అదియే నిజమైనచో ఆ పనికి యంత్రమే చాలును, మనుష్యునితో అక్కఱ యుండదు. కాని ఒకే ముఖమును కిటికీప్రక్క కూర్చుండబెట్టి తీసినచో ఒక విధముగను, నడినెత్తిన దీపముంచి తీసినచో వేఱొక విధముగను కనబడుచున్నది. ఏ వెలుగు నెన్నుకొనవలయును, ఏ క్షణమున మీట నొక్కవలయును, చట్రములోనికి దేనిని రానీయవలయును అను నిర్ణయము లన్నియు మనుష్యునివే. నిర్ణయమున్న చోట ధర్మాధర్మవిచారము తప్పదు. కెమెరా చేతబట్టి క్రొత్తగా పెండ్లిండ్లకు బయలుదేఱు మన యువకులకు యంత్రపు మెలకువలు నేర్పువారు కోకొల్లలుగా నున్నారు. ఈ విచారము నేర్పువా రరుదు.

ఈ ప్రశ్న కెమెరాతో పుట్టినది కాదు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున రాజు నాయికను మొదట పటముననే చూచును. ఇంతటి సౌందర్యము నిజముగా నుండునా, చిత్రకారుడు కల్పించినాడేమో యని శంకించును. పిమ్మట ఆమె నాట్యమునకై యెదుట నిలిచినపుడు శంక తలక్రిందులై, వ్రాసినవాని ఏకాగ్రతయే సడలినదని యనుకొనును. చిత్రము చెడుటకు చేతిలోని కొఱత కారణము కాదు, చూపులోని కొఱత కారణమని కవి హృదయము. నేటి వరులకు ఆ మొదటి శంకయే గాని రెండవది కలుగు భాగ్యము తక్కువ.

ఏలయన, నేటి పెండ్లిపటములలో వధువు ముఖము పిండిపూసినట్లు తెల్లనై యుండుచున్నది. ఆమె మేనమామ చామనచాయ, తల్లి చామనచాయ, మెడక్రింద ఆమెయు చామనచాయయే. ముఖము మాత్రము వేఱొకరిది. యంత్రము లోపమని కొందఱు సమర్థింతురు. అందు కొంత నిజము లేకపోలేదు. గడచిన శతాబ్దపు మధ్యకాలమున కోడక్ సంస్థ రంగుల ఫిలిము ముద్రించు శాలలకు, వన్నెలు సరిచూచుకొనుటకై, తెల్లజాతి స్త్రీ బొమ్మగల కార్డును పంపుచుండెడిది. నల్లనివారి ముఖములు మసిబారుచున్నవని కుటుంబము లెంత వగచినను లాభము లేకపోయెననియు, చాకలెట్టులును చెక్కసామానులును అమ్ము వర్తకులు తమ సరకుల వన్నెభేదములు తేలుట లేదని మొఱపెట్టుకొన్న పిమ్మటగాని అందు శ్రద్ధ కలుగలేదనియు చెప్పుదురు. నేటి కెమెరాలోని కొలమానమును ఎదుటనున్నదెల్ల నడిమి బూడిదవన్నెయే, అనగా పడిన వెలుగులో ఇంచుమించు 18 శాతమును త్రిప్పిపంపునదే యని భావించి లెక్కకట్టును. తెల్లని మధుపర్కములు చట్రమును నింపినచో ముఖము నల్లబడును. చీకటి పందిరి నింపినచో ముఖము వెలవెలబోవును. నేర్పరియైనవాడు ముఖముమీదనే వెలుగును కొలిచి, దానిని ప్రక్కనుండి పడనిచ్చును. అప్పుడు నల్లని చెక్కిలిమీద పడు మెఱుపు తెల్లని చెక్కిలిమీద ఎన్నటికిని పడదు. ఇది కష్టసాధ్యము. తెల్లరంగు పులుముట క్షణములో పని.

మావద్ద చదువుకొని యీ వృత్తిలో నడుగిడిన యువకుడొకడు మమ్ముల నిట్లడిగెను: “మాస్టారూ, పెళ్లికూతురే తెల్లగా చెయ్యమంటే నేనేం చెయ్యాలండీ? డబ్బులిచ్చేది వాళ్లు. నేను కాదంటే ఇంకొకడు చేస్తాడు.”

దీనిని తేలికగా త్రోసివేయ వలనుపడదు. ఆమె ముఖ మామెది. దాని నెట్లు చూపవలయునో చెప్పు హక్కును ఆమెదే. 1892లో లాలా దీనదయాళు హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా చిత్రశాల నేర్పఱచి, అందలి పనిని స్త్రీలకే యప్పగించుటలో నున్న మర్యాద యిదియే. చీర, నగలు, ముఖమున ఏ వైపు కనబడవలయునన్న కోరిక, ఇవన్నియు చెల్లింపదగినవే. కాని ఈ కోరిక ఎచ్చటినుండి వచ్చినది? పెండ్లిచూపులకు ముందు పంపు ఫోటోను చూచి నలుగురు ఆమె రంగును బేరమాడినారు. ఆ మాటలు విని విని ఆమె తన ముఖమును తానే దిద్దమని యడుగుచున్నది. దిద్దిన పటము ఆ నలుగురి పక్షమున సాక్ష్యము పలుకును. పదియేండ్లకు ఆమె బిడ్డ ఆల్బము తిరుగవేసి, అమ్మ యేదియని యడుగును.

కావున మే మతనితో నిట్లంటిమి. మొటిమ వారము దినములలో మానిపోవునది గనుక దానిని చెఱపుటలో అసత్యము లేదు. మేనిచాయ మానిపోవునది కాదు. ఈ మాట పెండ్లినాడు చెప్పి ఆ పిల్లను చిన్నబుచ్చవద్దు. బయానా తీసికొనునాడే చెప్పుము. దానికి ముందొకసారి మంచివెలుగులో ఆమె పటమును తీసి, దిద్దకయే చూపుము. అప్పటికిని తెలుపే కావలయునన్నచో ఆ పనిని వదలుకొనుము. అతడు ఊకొట్టెనేగాని సమాధానపడినట్లు తోపలేదు. అద్దె కట్టవలసినది అతడు, మేము కాము.

పాత చిత్రశాలలలో భర్త కుర్చీలో కూర్చుండును, భార్య ప్రక్కన నిలిచి కుర్చీపై చేయి వేయును. ఆ నిలుపుట ఎవరి శాసనమో నాడు విచారించినవారు కొలదిమంది. నేడు కుర్చీ పోయినది. “సిగ్గుపడమ్మా, తల దించమ్మా” అను కేక మిగిలినది. రాని సిగ్గును రప్పించుట చిత్రకళ కాదు. తలంబ్రాలు వేడుక, అవి మఱల పోయించినను ఎవరికిని నష్టము లేదు. జీలకఱ్ఱ బెల్లము తలపైనుంచు క్షణ మట్టిది కాదు. తెర తొలగి ఇద్దఱొకరినొకరు చూచుకొను ఆ నిమిషమున “ఇటు చూడండి” అని యఱచువాడు, తాను పట్టుటకు వచ్చినదానినే పాడుచేయుచున్నాడు. బంధువులకు అతని వీపుమాత్రమే దక్కుచున్నది. పురోహితు నడిగి క్రమమును ముందే తెలిసికొన్నవానికి ఆ కేకతో పనిలేదు.

ఇక అప్పగింతలు. కూతురి చేతిని వియ్యంకుల చేతిలో పెట్టుచు తండ్రి కంటతడి పెట్టుకొనును. ఆ పటమును తీయవలసినదే. అది ఆ యింటి సొత్తు. కాని మఱునాటికే ఆ కన్నీరు ఛాయాగ్రాహకుని నేర్పునకు ప్రకటనయై ఊరివారి ఫోనులన్నిటను తిరుగుచున్నది. ఎవరి ననుమతి యడిగిరి? ఒప్పందపు కాగితములలో భోజనపు ఖర్చు, ఆల్బము పుటల లెక్క, డ్రోను అద్దె వ్రాయబడియుండును. ఈ విషయమై యొక పంక్తియు మేము చూచినవానిలో కనబడలేదు.