గొడ్డలికి ముందు వీధి

‘ప్రతిఘటన’ అనగానే ఆ సినిమా చూసినవాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది గొడ్డలి. ఎన్నికల్లో గెలిచిన రౌడీ కాళికి సన్మాన సభ జరుగుతుంటుంది. ఝాన్సీ అనే కాలేజీ అధ్యాపకురాలు వేదిక ఎక్కి, అతన్ని పొగుడుతున్నట్టే మాట్లాడి, అందరి కళ్ళ ముందూ నరికేస్తుంది. 1985లో వచ్చిన సినిమా ఇది. దర్శకుడు టి. కృష్ణ, మాటలు ఎం.వి.ఎస్. హరనాథరావు. నిర్మాత రామోజీరావు. ఝాన్సీగా విజయశాంతి, కాళిగా చరణ్‌రాజ్. రెండేళ్ళకే హిందీలో ‘ప్రతిఘాత్’గా మళ్ళీ తీశారు. కృష్ణ అప్పటికే లేరు. 1986లో, నలభై నిండకముందే చనిపోయారు.

ఇన్నేళ్ళ తర్వాత చూసినా ఆ సినిమా మొన్న తీసినట్టే ఉంటుంది. ఎందుకని అడిగితే, అప్పటికీ ఇప్పటికీ ఏమీ మారలేదు కాబట్టి అని ఠక్కున చెప్పేస్తాం. ఆ జవాబును ఒకసారి పరీక్షించి చూడాలి. ఎందుకంటే అది నిజం కాదు.

సినిమాలో, తాను చేసిన హత్యను చూశానని చెప్పినందుకు కాళి ఝాన్సీని నడివీధిలో వివస్త్రను చేస్తాడు. 1985లో ఆ పనికి మన శిక్షాస్మృతిలో విడిగా ఒక సెక్షనే లేదు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించడం అనే 354 కింద గరిష్ఠంగా రెండేళ్ళ శిక్ష, అంతే. 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. 2013లో చట్టాన్ని సవరించారు. వివస్త్రను చేయాలన్న ఉద్దేశంతో దాడి చేస్తే మూడు నుంచి ఏడేళ్ళ శిక్ష విధించే 354-బి వచ్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 76వ సెక్షన్. చట్టం మారింది, బాగానే మారింది. కోపం మాత్రం తగ్గలేదు. అంటే మన కోపం చట్టం లేనందుకు కాదన్నమాట. రాసి ఉన్న చట్టం మన గుమ్మం దాకా వస్తుందన్న నమ్మకం లేనందుకు. చట్టం లేకపోతే రాయించుకోవచ్చు. నమ్మకాన్ని ఏ శాసనసభా తీర్మానం చేసి తేలేదు.

ఆ నమ్మకం ఎలా పోయిందో చెప్పడానికి సినిమాలు అక్కర్లేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది. నిలదీసిన ఆమె భర్తను, రిక్షా తొక్కి బతికే మనిషిని, కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జనం పోలీసుల మీదికి వెళ్ళారు, కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది. ప్రభుత్వం వేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. అక్కడి కోర్టు 1981లో నిందితులను విడిచిపెట్టింది. ‘ప్రతిఘటన’ చూడటానికి టికెట్టు కొన్నవాళ్ళు ఆ తీర్పు విన్న తరం. గొడ్డలి లేచినప్పుడు వాళ్ళలో ఏం లేచిందో ఊహించడం కష్టం కాదు. దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేసే హక్కు మనకు లేదు.

ఇప్పుడు 2019కి వద్దాం. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. ఆ రాత్రి కుటుంబం స్టేషన్‌కు వెళితే, ఇది మా పరిధి కాదంటూ తిప్పారన్న ఫిర్యాదుపై ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం అక్కడికి చేరి పోలీసుల మీద పూలు చల్లారు.

1978లో పోలీసుల మీద రాళ్ళు, 2019లో అదే పోలీసుల మీద పూలు. కోపం అదే జాతిది, దాని ముఖం మాత్రం ఎదురుదిశకు తిరిగింది. ఇక్కడ కాసేపు ఆగాలి. ఫిర్యాదు సకాలంలో తీసుకోలేదని ఏ వ్యవస్థను తిట్టామో, తొమ్మిది రోజులు తిరక్కుండానే అదే వ్యవస్థ దర్యాప్తు అధికారిగా, న్యాయమూర్తిగా, తలారిగా మూడు పనులూ ఒక్క తెల్లవారుజామునే తప్పు లేకుండా చేసిందని ఎలా నమ్మాం? ఫిర్యాదు రాసుకోవడంలో నమ్మలేని చేతిని ప్రాణం తీయడంలో ఎందుకు నమ్మాం? నిరాశ మనిషిని సందేహించేవాడిగా మారుస్తుందని అనుకుంటాం. కొన్నిసార్లు అది మనలోని సందేహాన్నే తీసేస్తుంది.

సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ నాయకత్వంలో కమిషన్ వేసింది. నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని 2022లో బయటికొచ్చిన ఆ నివేదిక చెప్పింది. ఆ నివేదిక వచ్చిన రోజు ఎవరూ పూలు వెనక్కి తీసుకోలేదు. వాళ్ళు నేరం చేశారా లేదా అన్నది ఏ కోర్టులోనూ తేలలేదు, ఇక తేలే వీలూ లేదు. హతురాలికి న్యాయం జరిగిందని ఎంత గట్టిగా చెప్పినా, ఆ రాత్రి ఏం జరిగిందో సాక్ష్యాలతో నిగ్గుతేల్చే అవకాశం ఆమె వైపు నుంచి కూడా పోయింది.

సినిమాకూ జీవితానికీ మధ్య ఉన్న ఒక తేడా ఇక్కడే ఉంది, దాన్ని మనం తేలిగ్గా మరచిపోతాం. కాళి హత్య చేయడం మనం చూశాం. అతను ఝాన్సీని అవమానించడం మనం చూశాం. కెమెరా మనల్ని ప్రత్యక్ష సాక్షుల్ని చేసింది. కాబట్టి గొడ్డలి దిగినప్పుడు ‘వీడేనా?’ అన్న ప్రశ్న ఒక్క ప్రేక్షకుడికీ రాదు. కథకుడు ఇచ్చిన నిశ్చయం అది. బయట మనకు అలాంటి కెమెరా లేదు. పోలీసు చెప్పిన కథ, టీవీ చెప్పిన కథ, పక్కింటివాళ్ళు చెప్పిన కథ ఉంటాయి. నెమ్మదిగా నడుస్తుందని మనం విసుక్కునే విచారణ ‘వీడేనా?’ అని అడిగే పని చేస్తుంది. థియేటర్లో దొరికిన నిశ్చయాన్ని జేబులో వేసుకుని వీధిలోకి వస్తే, ఎదురుపడిన ప్రతి నిందితుడూ కాళిలాగే కనిపిస్తాడు.

అయితే ఈ మాట చెప్పి ఊరుకుంటే అది సుఖంగా కూర్చున్నవాళ్ళ తర్కమే అవుతుంది. ఓపిక పట్టమని చెప్పేవాళ్ళు సాధారణంగా గాయపడినవాళ్ళు కారు. ఢిల్లీ కేసు దేశమంతా కళ్ళు పెట్టుకు చూసిన కేసు. అందులో కూడా ఘటన నుంచి శిక్ష అమలు దాకా ఏడేళ్ళు దాటింది. ఎవరూ చూడని కేసు సంగతేమిటి? కోర్టు మెట్ల మీద యవ్వనం గడిపేసిన మనిషికి ‘వీడేనా అని అడగడం నాగరికత’ అని మనం ఏ ముఖంతో చెబుతాం? ఎన్‌కౌంటర్ హత్యలను ఏళ్ళ తరబడి నిలదీసిన కె. బాలగోపాల్ రాజ్యహింసను ఎంత నిక్కచ్చిగా ప్రశ్నించారో, దానికి జవాబుగా వచ్చే హింసనూ అంతే నిక్కచ్చిగా ప్రశ్నించాలన్న దగ్గర పాత సహచరులతో విభేదించి 1998లో మానవ హక్కుల వేదికలోకి నడిచారు. ఆయన్ని రెండు వైపులవాళ్ళూ తిట్టారు. ఆయన లాయరుగా బాధితుల మధ్యే తిరిగారు కాబట్టి ఆ మాట ఆయన నోట నిలబడింది. మిగతా మనం కొంచెం గొంతు తగ్గించుకుని మాట్లాడటం మంచిది.

కాబట్టి గొడ్డలి తప్పా ఒప్పా అని తీర్పు చెప్పడం కన్నా, ఆ చప్పట్లు ఎందుకు కొట్టామో చూసుకోవడం ఎక్కువ ఉపయోగం. నన్నడిగితే ఆ సినిమాలో భయపెట్టే దృశ్యం చివరిది కాదు, నడివీధిది. కాళి ముఠా కొద్దిమంది. చూస్తున్నవాళ్ళు ఎక్కువమంది. తలుపులు మూసుకున్నవాళ్ళు, చూపు తిప్పుకున్నవాళ్ళు, కదలకుండా నిలబడ్డవాళ్ళు. ఒక్కరూ అడ్డుపడరు. వాళ్ళను పిరికివాళ్ళని తిట్టడం తేలిక. కానీ వాళ్ళ కళ్ళ ముందు జరుగుతున్నదేమిటి? ఒక హత్యను చూసి, చూశానని చెప్పినందుకు ఒక మనిషికి పడుతున్న శిక్ష. సాక్షికి ఏమవుతుందో వాళ్ళకు అక్కడికక్కడే పాఠం చెబుతున్నారు. వాళ్ళ మౌనం పుట్టుకతో వచ్చింది కాదు, నేర్పితే వచ్చింది.

థియేటర్లో కూర్చున్న మనం ఝాన్సీ పక్షాన ఉన్నామనుకుంటాం. నిజానికి మనకు ఎక్కువ పోలిక ఆ వీధిలో నిలబడినవాళ్ళతో. ఆ సంగతి లోపల ఎక్కడో మనకూ తెలుసు. అందుకే గొడ్డలి అంత హాయిగా ఉంటుంది. కాళి చావుతో మనం ఊరకే నిలబడ్డ సంగతి కూడా తుడిచిపెట్టుకుపోయినట్టు ఉంటుంది. నేరమంతా ఒక్కడిది, వాడు పోయాడు, ఇక ఇంటికి వెళ్ళొచ్చు. చటాన్‌పల్లి పూలలో కూడా ఈ ఊరట కొంత కలిసి ఉందేమోనని నా అనుమానం. రుజువు చేయగలిగినది కాదు. కానీ 2023 మే నెలలో మణిపూర్‌లో ఇద్దరు మహిళలను నగ్నంగా ఊరేగించిన దారుణం మీద దేశానికి కోపం వచ్చింది జూలైలో, వీడియో బయటికొచ్చాక. పోలీసుల దగ్గర ఫిర్యాదు అప్పటికి రెండు నెలలుగా ఉంది. ఆ రెండు నెలలూ మనందరం ఏ వీధిలో నిలబడ్డాం?

సినిమా మరో దారి కూడా చూపింది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. అవమానం తర్వాత ఝాన్సీ క్లాసుకు వెళుతుంది. నల్లబల్ల మీద ఆమెను వెక్కిరిస్తూ ఎవరో అసభ్యమైన బొమ్మ గీసి పెట్టారు. వేటూరి రాసి జానకి పాడిన పాట అక్కడ వస్తుంది; కౌరవ సభను పిలుచుకొచ్చి ఆ కుర్రాళ్ళ ముందు నిలబెట్టే పాట. ఝాన్సీ కోపం చివరి దృశ్యంలో కన్నా అక్కడ ఏమీ తక్కువ కాదు. కానీ అది ఎదుటివాడిని చంపడం లేదు, అడుగుతోంది. అడిగించుకున్నవాడు బతికి ఉన్నాడు కాబట్టి సిగ్గుపడగలడు. సిగ్గుపడినవాడు రేపు వీధిలో అడ్డుపడనూవచ్చు.

కౌరవ సభ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ద్రౌపదిని కూడా ఒకసారి తిరిగి చూడాలి. ఆ కథను చరిత్రగా నమ్మేవాళ్ళూ, కావ్యంగా చదివేవాళ్ళూ ఈ ఒక్కదాన్ని గమనించవచ్చు. సభలో ఆమె ముందుగా చేసింది శపథం కాదు, ప్రశ్న. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా ఒడ్డే హక్కు ఉందా అని. చట్టం అడగాల్సిన ప్రశ్న అది. ధర్మం సూక్ష్మమన్నాడు భీష్ముడు. కౌరవ సోదరుల్లో వికర్ణుడొక్కడు నోరు విప్పాడు. ఆ ప్రశ్నకు సభ జవాబు చెప్పి ఉంటే భీముడి శపథాలకు చోటెక్కడిది? ఆ తర్వాత, నిద్రపోతున్న తన కొడుకులను చంపిన అశ్వత్థామ విషయంలో కథ రెండు దారులు పట్టింది. భారతంలో ద్రౌపది అతని ప్రాణం అడిగి, చివరికి శిరోమణితో సరిపెట్టుకుంటుంది. పోతన తెనిగించిన భాగవతం మొదటి స్కంధంలో మాత్రం, తనలాగే ఇంకో తల్లి ఏడవకూడదని అతన్ని విడిపించమంటుంది. రెండింటిలో ఏది గొప్ప అని అడిగితే వెంటనే భాగవతం అంటాం. నాకు అంత నిశ్చయం లేదు. కొడుకులు పోయిన తల్లి దగ్గర క్షమను కథగా ఆశించవచ్చు, బాకీలాగా వసూలు చేయకూడదు. కానీ రెండు పుస్తకాలలోనూ సభ చేసిన తప్పు అలాగే ఉంది. అశ్వత్థామ బతికినా చచ్చినా దానికి జవాబు దొరకదు.

మనమూ ఆ సభను వదిలి అశ్వత్థామ చుట్టూనే తిరుగుతున్నాం. 2019 ఎన్‌కౌంటర్ జరిగిన వారానికే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 పనిదినాల్లో తీర్పు రావాలన్న దిశ బిల్లును ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. అంతకు ఏడాది ముందు, 2018 డిసెంబరులో, సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి దేశమంతా అమలు చేయమంది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ, సాక్షికి ఎంత ముప్పు ఉందో పోలీసుల నివేదిక, దాన్నిబట్టి ఇంటి దగ్గర గస్తీ, నిందితుడు ఎదురుపడకుండా సాక్ష్యం చెప్పే ఏర్పాటు, అవసరమైతే వేరే ఊళ్ళో నివాసం. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ ఇలాంటి పథకం తయారుచేసి నోటిఫై చేయాలి. ‘ప్రతిఘటన’ కథ మొదలైంది సరిగ్గా ఈ లేమి నుంచే: హత్యను చూసిన ఒకామె నోరు విప్పింది, ఆమెకు కాపలా లేదు. తుపాకీ కోసం ఊరేగింపులు చూశాం, ఉరి కోసం చూశాం. మా జిల్లా కమిటీ ఈ ఏడాది ఎంతమంది సాక్షులకు రక్షణ ఇచ్చిందో చెప్పండని కలెక్టరేట్ ముందో కోర్టు ముందో అడిగిన ఊరు ఒక్కటైనా ఉందా?