గుడి ఎప్పుడు పార్కవుతుంది?

యాదగిరిగుట్టకు వెళ్లొచ్చిన పాత భక్తుల్లో ఇప్పుడు రెండు జట్లున్నాయి. నల్లరాతితో లేచిన మండపాలూ గోపురాలూ చూసి మన కాలంలో కూడా ఇంత పని చేయగలిగామా అని పొంగిపోయేది ఒక జట్టు. అంతా బాగుందిగానీ పాత గుట్ట ఏమైపోయిందని దిగులుపడేది రెండోది. గుడికి వెళ్లినట్టు లేదు, థీమ్ పార్కుకు వెళ్లినట్టుంది అనేది వీళ్లే. నరసింహస్వామి మాత్రం కొండమీది తన గుహలోనే ఉన్నాడు. పునర్నిర్మాణం కోసం 2016లో బాలాలయం అనే తాత్కాలిక గుడి ఏర్పాటు చేసి పూజలు అక్కడికి మార్చారు, 2022 మార్చి 28న ప్రధానాలయం మళ్లీ తెరిచారు. ఆ మధ్యకాలంలో మారిందల్లా గుహ చుట్టూ ఉన్నదే. మరి పోయిందంటున్నది ఏది? ఈ ప్రశ్న ఆ ఒక్క గుట్టది కాదు. మా హనుమంతునిపాడు నుంచి చూస్తే ఉత్తరాన మార్కాపురం, దోర్నాల దాటితే శ్రీశైలం, దక్షిణాన భైరవకోన, ఆగ్నేయాన మాలకొండ. వీటిలో ప్రతిదానికీ ఈ ప్రశ్న ఇప్పటికే ఎదురై ఉంటుంది, లేదా రేపోమాపో ఎదురవుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాయి మారితే క్షేత్రం చెడదు, సౌకర్యం వస్తే చెడదు. అక్కడ భక్తుడు తన ఒంటితో, తన చేతులతో చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని లాగేసుకుని అతణ్ని ఉత్త చూపరిని చేసినప్పుడు చెడుతుంది.

థీమ్ పార్కు అనే మాటను తిట్టుగా వాడుతున్నాం గనుక అసలు ఆ పార్కుల సంగతి కూడా కాస్త చూడాలి. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచిన వాల్ట్ డిస్నీ, అది ఎన్నటికీ పూర్తికాని చోటని చెప్పుకునేవాడు. మారకపోతే పార్కు బతకదు, కొత్త వినోదం లేకపోతే రెండోసారి ఎవరూ రారు. అయినా అక్కడా ఇదే తగువు. స్ప్లాష్ మౌంటెన్ అనే నీటి సవారీని అమెరికా పార్కుల్లో 2023లో మూసేశారు. దానికి ఆధారమైన 1946 నాటి సినిమా నల్లజాతివారిని చూపిన తీరు మీద ఏనాటి నుంచో విమర్శ ఉంది, మార్చడమే న్యాయమని కొందరన్నారు. మా చిన్ననాటిని కూల్చేస్తున్నారని కొందరు ఏడ్చారు. ఫ్లోరిడాలో చివరి రోజుల్లో ఆ సవారీ నీళ్లేనని చెప్పి సీసాల్లో పోసి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టినవాళ్లూ ఉన్నారు. గంగ చెంబులు ఇంటికి తెచ్చుకునే మనకు దీన్ని చూసి నవ్వే హక్కు పెద్దగా లేదు. వాళ్ల మమకారం నిజమైనదే. తేడా మమకారంలో లేదు, ఆ చోటు మనిషి నుంచి ఏం కోరుతుందన్న దాంట్లో ఉంది. సవారీ కోరేది టికెట్టు ఒక్కటే. కూర్చుంటే పడవ తనే తీసుకుపోతుంది. పార్కు గొప్పతనమంతా మనం ఏమీ చేయనక్కర లేకపోవడంలోనే ఉంది. అందులో తప్పేమీ లేదు, అది పార్కు.

ఇక రాయి సంగతి. గుడి పాతబడుతుందని ఆగమాలకు మనకంటే ముందే తెలుసు. అందుకే జీర్ణోద్ధారణకు విధి ఉంది. మూర్తిలోని కళను కుంభంలోకి ఆకర్షించి బాలాలయంలో ఉంచుతారు, మరమ్మతులు ముగిశాక మళ్లీ మూలస్థానానికి చేరుస్తారు. తిరుమలలో పన్నెండేళ్లకోసారి చేసే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ 2018 ఆగస్టులో జరిగింది. దాని తర్వాత అక్కడున్నది వేరే వేంకటేశ్వరుడని అన్నవాళ్లు లేరు. జపాన్‌లోని ఇసే ఆలయానికైతే ఇరవయ్యేళ్లకోసారి పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో కొత్త కట్టడం కట్టి పాతదాన్ని విప్పేస్తారు. ఈ మధ్య అలా జరిగింది 2013లో. కొయ్య ఇరవయ్యేళ్లది, ఆచారం పదమూడు వందల ఏళ్లది. కొత్త ఆలయ ప్రాంగణంలో పరిచే తెల్లరాళ్లను ఆ ఊరి జనమే మోసుకొచ్చి వేస్తారని గుర్తుంచుకోండి. పనివాళ్లు దొరక్క కాదు.

మన నేలమీదే ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయిరాయి విప్పి ఆలంపురానికి తెచ్చి మళ్లీ కట్టారు. నాగార్జునసాగర్ నీళ్లలో మునగబోతున్న నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవి తీసి కొండమీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. రెండుచోట్లా నిపుణుల పనే, రెండుచోట్లా రాళ్లు అసలైనవే. కానీ జోగులాంబనూ బాలబ్రహ్మేశ్వరుణ్నీ చూడటానికి ఆలంపురం వచ్చినవాళ్లు సంగమేశ్వరుడికీ దండం పెట్టుకుని వెళ్తారు. నాగార్జునకొండకు లాంచీ ఎక్కి వెళ్లి మ్యూజియం చూసి వస్తారు. అక్కడ భిక్షువుల పరంపర తెగిపోయి ఎన్నో శతాబ్దాలైంది గనుక ఈ పోలిక సరికాదని ఎవరైనా అనవచ్చు. నేను చెప్పేదీ అదే. పరంపర తెగాక అసలు రాయి కూడా క్షేత్రాన్ని నిలబెట్టలేకపోయింది, పరంపర ఉంటే ఊరు మారినా నిలిచింది. ఆ సాగర్ తెలంగాణ ఒడ్డునే 274 ఎకరాల్లో బుద్ధవనం కట్టి 2022 మేలో తెరిచారు. ప్రభుత్వమే దాన్ని బౌద్ధ వారసత్వ థీమ్ పార్కు అంది. ఆ మాటలో నిజాయతీ ఉంది, నాకది నచ్చింది కూడా. రేపు అక్కడ జనం కూర్చుని ధ్యానం చేయడం అలవాటైతే, పేరులో ఏమున్నా అది పార్కుగా మిగలదు.

ఇదంతా పాతరోజుల మీద బెంగ తప్ప మరేమీ కాదని ఒక ఆక్షేపణ ఉంది. ప్రతి తరానికీ తను చిన్నప్పుడు చూసిన గుడే అసలు గుడి అనిపిస్తుందట. మన దార్శనికులు దీన్ని ఇంకా లోతుగా తవ్వారు. ఇది అదే అని గుర్తుపట్టగలుగుతున్నాం కాబట్టి వస్తువు నిలిచి ఉందని నైయాయికులు అంటే, దీపశిఖనూ కత్తిరించాక మొలిచిన జుట్టునూ కూడా అదే అంటున్నాం కదా, గుర్తుపట్టడం ఎలా రుజువవుతుందని బౌద్ధులు అడిగారు. ఆ వాదంలో బౌద్ధులదే పైచేయి అని నాకనిపిస్తుంది. నేను చూసినట్టు లేదనేది నా జ్ఞాపకం గురించిన మాట, క్షేత్రం గురించినది కాదు. కాబట్టి కొలత మార్చుకోవాలి. పాత గుడిని ఎన్నడూ చూడని ఇరవయ్యేళ్ల పిల్ల ఇవాళ అక్కడికి వెళ్తే, వాళ్ల అమ్మమ్మ చేసిన పనిలో ఏదైనా చేయగలుగుతుందా? చేయగలిగితే క్షేత్రం ఉన్నట్టే.

ఈ కొలతతో శ్రీశైలాన్ని చూద్దాం. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబలానికీ మెట్లు కట్టించాడు. అంతకుముందు రాళ్లమీద పాకుతూ ఎక్కినవాళ్లకు అదీ ఒక సుఖమే అయి ఉంటుంది. ఇప్పుడు ఆ మెట్లనే మనం సనాతనం అంటున్నాం. ఘాట్ రోడ్లు వచ్చాక దోర్నాల నుంచి బస్సు గంటల వ్యవధిలో కొండమీద దించుతుంది. అయినా ఏటా ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది నల్లమల అడవిలోంచి నడిచే వస్తున్నారు. రోడ్డు నడకను చంపలేదు, నడవలేనివాడికి ఇంకో దారి ఇచ్చింది. శివరాత్రి రాత్రి దీపాలు ఆర్పేసి ఆలయ శిఖరానికి పాగా చుట్టే వేడుక ఉంది. ఆ పాగా చీరాల వైపు దేవాంగులు ఏడాది పొడుగునా రోజుకో మూర చొప్పున నేసినది. మిల్లులో అరగంటలో నేయించవచ్చు, నేయించరు. ఆ పని మిగిలున్నంతకాలం చుట్టూ ఎన్ని కాటేజీలు లేచినా శ్రీశైలం శ్రీశైలమే. నిజంగా పోయింది వేరే ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మల్లన్నను అల్లుడిగా చెప్పుకునే చెంచులు ఒకప్పుడు అడవిదారిలో యాత్రికులకు తోడుండి, దారి చూపి, కాపలా కాసేవారు. బస్సులు వచ్చాక యాత్రలో వాళ్ల భాగం దాదాపు చెరిగిపోయింది. మండపం కూలిస్తే లేచే గొడవలో పదోవంతు కూడా దీనికి లేవలేదు.

నడక, పని అని ఇంతగా అంటే ముసలివాళ్లూ వికలాంగులూ చంటిపిల్లల తల్లులూ ఏం కావాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కష్టమే పుణ్యమని నేననడం లేదు. 1944లో తిరుమల ఘాట్ రోడ్డు పడకపోతే కొండ చూడకుండానే పోయేవాళ్లు లక్షల్లో ఉండేవారు. పైగా కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి తలుపు తెరవడం కోసం చూడటం కూడా కష్టమే, దాన్ని తపస్సు అనుకునేవాళ్లు అరుదు. మార్పు ఎవరికి పని ఇచ్చింది, ఎవరి పని తీసేసింది అన్నదే చూడాలి. 2000లో మొదలైన శ్రీవారి సేవ కొత్త ఏర్పాటు, ఏ ఆగమంలోనూ లేదు. ఊళ్ల నుంచి వచ్చిన మామూలు మనుషులు కూరలు తరిగి, వడ్డించి, క్యూలో ఉన్నవాళ్లకు నీళ్లిచ్చి వెళ్తారు. అది తిరుమలను మరింత క్షేత్రంగా చేసింది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, పదివేల విరాళానికి బ్రేక్ దర్శనం మరోరకం మార్పులు. క్యూ తప్పించే టికెట్టు వేరుగా అమ్మడం పార్కుల పద్ధతి, అచ్చంగా అదే మన గుళ్లలోకి వచ్చింది. ఆ డబ్బుతో అన్నదానం జరుగుతుంది, గుళ్లు కడతారు అంటారు, నిజమే. పార్కు లాభాలతో కూడా ఎన్నో మంచి పనులు జరగవచ్చు. ధర్మకార్యానికి డబ్బు కావాలంటే విరాళం అడగవచ్చు, ఇచ్చేవాళ్లకు మన దేశంలో కరువు లేదు. దర్శనం దగ్గర వరసను అమ్మనక్కర లేదు.

మాలకొండ గురించి మా ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర లేదు. లక్ష్మీనరసింహస్వామి దర్శనం శనివారమే. మిగతా ఆరు రోజులు ఋషులు సేవిస్తారని నమ్మకం. అమ్మవారి దగ్గరికి వెళ్లే దారి రెండు బండల మధ్య చీలిక. నేటి లెక్కల ప్రకారం ఇవి రెండూ నిర్వహణ లోపాలే. ఏడు రోజులూ తెరిస్తే శనివారం రద్దీ తగ్గుతుంది, ఆదాయం పెరుగుతుంది. బండను తొలిస్తే తోపులాట ఉండదు. జనం ప్రాణాల సంగతైతే బయట ఎన్ని ఏర్పాట్లయినా చేయాల్సిందే, రోడ్డు, నీళ్లు, నీడ, వైద్యం అన్నీ. శనివారాన్ని మాత్రం ముట్టుకోకూడదు. మన తీరికను బట్టి స్వామి దొరకడం కాకుండా, స్వామి తీరికను బట్టి మనం బయల్దేరడమే అక్కడ భక్తుడి పని. భైరవకోనలో సమస్య తిరగబడి ఉంది. కొండనే తొలిచిన ఎనిమిది గుహాలయాలు, మార్చడానికి వీలున్న రాయి లేదు, మార్చనూ లేదు. కానీ జలపాతం కింద తడిసి, వంటలు చేసుకుని, గుహలకేసి ఫోటో కోసం తప్ప చూడకుండా తిరిగిపోయేవాళ్లకు అదొక పార్కే. రాయి చెక్కుచెదరకపోయినా అంతే. కార్తీక పౌర్ణమి రాత్రి అమ్మవారి మీద వెన్నెల పడేదాకా ఎదురుచూసేవాళ్లకు అది కోన.

మళ్లీ గుట్ట దగ్గరికి వస్తే, నేను రెండు జట్లలో దేనితోనూ పూర్తిగా కలవలేను. నల్లరాయి తప్పు కాదు, శిల్పుల శ్రమ చిన్నది కాదు. 2019లో స్తంభాల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మా పార్టీ గుర్తూ చెక్కారని గొడవ లేస్తే వాటిని తీసేశారు, అదీ మంచిదే అయింది. పాత గుట్టకు పేరు తెచ్చింది గోపురం కాదు. జబ్బుతో, మనోవ్యాధితో వచ్చినవాళ్లు మండలం పాటు ప్రదక్షిణలు చేస్తూ, రాత్రిళ్లు కొండమీదే నిద్రచేస్తూ స్వామిని వైద్యుడిగా నమ్ముకున్న ఆచారం దానికి పేరు తెచ్చింది. పునర్నిర్మాణంలో ఆ నిద్రకు చోటు లేకపోయినందుకు భక్తులు బాధపడ్డారు. గుళ్లకు కొత్త ప్రణాళికలు వేసే దేవాదాయశాఖ అధికారులకూ ధర్మకర్తలకూ ఒకటే విన్నపం. గోపురం ఎత్తు నిర్ణయించే ముందు, ఆ గుడిలో పేద భక్తుడు డబ్బు పెట్టకుండా తన ఒంటితో చేసే పనులేమిటో ఒక జాబితా రాసుకోండి. నిద్ర, పొర్లుదండం, పొంగలి, తలనీలాలు, నడక, ఏదైనా సరే. వాటికి స్థలం గీశాక మిగిలిన చోట మీ ఇష్టం వచ్చినంత కట్టండి.