రంపెకు పెట్టిన బొట్టు

దసరా ఆయుధపూజ వచ్చిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో ట్రాక్టర్‌కు బంతిపూల దండ పడుతుంది. వరికోత మిషన్‌కు నిమ్మకాయ కడతారు. తోలు పని చేసిన మాదిగ ఇండ్లలో అటక మీది సంచి కిందికి దిగుతుంది. అందులో తాతనాటి రంపె, ఆరె, గూటం ఉంటాయి. తోలు కోయడానికి రంపె, కుట్టుకు రంధ్రం పొడవడానికి ఆరె, అణగగొట్టడానికి గూటం. కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి మొక్కుతారు. మర్నాడు మళ్ళీ మూటగట్టి అటకెక్కిస్తారు. ఆర్నెల్ల తర్వాత విప్పి చూస్తే బొట్టు పెట్టిన చోటే తుప్పు మొదలై ఉంటుంది. పసుపులోని తడి ఇనుమును ఊరికే వదలదు.

పనిలో ఉన్న రంపెకు ఈ బాధ లేదు. పొద్దున్నే సాన మీద నాలుగు ఈడ్పులు, ఆ తర్వాత తోలు ముక్క మీద అటూ ఇటూ రెండు రుద్దుడులు. తుప్పుకు తీరిక దొరకదు. పాత రంపెను చేతిలోకి తీసుకుని చూడండి. పిడి మీద బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడి ఉంటుంది. అలుగు ఏళ్ల తరబడి సానకు అరిగి, కొన్న నాటి వెడల్పులో సగానికి వచ్చి ఉంటుంది. అరిగిన ఆ సగం ఎక్కడికి పోయింది? ఊరి రైతుల చెప్పుల్లోకి, ఎద్దుల పగ్గాల్లోకి, మోట బొక్కెనల్లోకి, డప్పుల్లోకి. సున్నంలో వేసి వెంట్రుక రాల్చి, తోలు ఊనే తొట్టి అయిన లందలో తంగేడు చెక్క కషాయం పోసి నానబెట్టిన తోలు ఇంటికి రాకపోతే ఊరికి నీళ్ళు కూడా పైకి రాని రోజులవి. కరెంటు మోటార్లు వచ్చి మోటను, రబ్బరు చెప్పులు వచ్చి తోలు చెప్పును పక్కకు నెట్టాయి. కొడుకులు చదువులకు, సింగరేణి కొలువులకు, హైదరాబాద్‌కు వెళ్ళారు. వెళ్ళాల్సిందే. లంద వాసన వస్తుందని బడిలో వేరుగా కూర్చోబెట్టిన లోకం మీద ఎవరికి మమకారం ఉంటుంది?

జనగామ జిల్లా పాలకుర్తి పేరు చెప్పగానే పాల్కురికి సోమన గుర్తుకొస్తాడు. పదమూడో శతాబ్దంలో ఆయన ద్విపదలో రాసిన బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. కరికాల చోళుడు రోజూ శివుడికి రాజభోజనం నివేదిస్తాడు. ఒకనాడు శివుడు ముట్టలేదు. కారణం అడిగితే, చెన్నయ్య ఇంట అంబలి తాగి వచ్చానన్నాడు. చెన్నయ్య చర్మకారుల కులంవాడు. రాజు అతణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. ఈ కథను చెప్పేవాళ్ళు చాలామంది అంబలి దగ్గరే ఆగి కళ్ళు తుడుచుకుంటారు. నాకైతే రాజు నడిచిన ఆ దారే ముఖ్యం. దేవుడు చెన్నయ్యను కోటకు పిలిపించలేదు, రాజునే వాడకు పంపాడు.

ఈ చెన్నయ్య పేరుతో కన్నడంలో కొన్ని వచనాలు దొరుకుతాయి. శివభక్తులైన శరణులు తమ వచనాల చివర సాధారణంగా ఇష్టదైవం పేరును ముద్రగా వాడారు. చెన్నయ్య ముద్రలో దైవం పేరుకు ముందు ఉలి, కత్తి వంటి పనిముట్ల పేర్లు వస్తాయి. వీటికి బానిసవు కావద్దు, నీ ఆత్మలోని రాముణ్ణి తెలుసుకో అన్నది దాని సారం. బతుకంతా పట్టుకున్న పనిముట్టును దైవం పక్కనే నిలబెట్టాడు, అదే ఊపిరిలో దానికి కట్టుబడిపోవద్దనీ అన్నాడు. పనిని పూజగా చూడమనే మాటను కులవృత్తికి సంకెలగా వాడేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. తాత రంపెను మనవడు పట్టాలా వద్దా అన్నది మనవడి ఇష్టం. దాన్ని దాచుకోవడం వేరు, దానికి అంటగట్టిన అవమానాన్ని మోయడం వేరు.

చిందు యక్షగాన కళాకారులు జాంబపురాణం ఆడినప్పుడు, మాదిగలు మూలపురుషుడిగా చెప్పుకునే ఆది జాంబవుణ్ణి భూమి కంటే ఆరు నెలలు ముందు పుట్టినవాడిగా నిలబెడతారు. ఆ కళకు జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్య ద్వారా 2024లో పద్మశ్రీ దక్కింది. తోలు పనిని తక్కువన్న లోకానికి, ఆ పని చేసే చేతుల వంశమే తొలి వంశమని చెప్పే పురాణం అది. ఆ చేతులు కట్టిన డప్పు మోగనిదే ఈ పల్లెల్లో బోనం కదలదు. డప్పు కట్టినవాడు గుడి మెట్ల కింద ఆగిన కాలం మాత్రం మరీ దూరంలో లేదు.

ఇక అటక మీది రంపె సంగతి. కిరోసిన్‌లో ముంచిన నూలుగుడ్డతో తుప్పు తుడవండి. కరెంటు సాన చక్రం మీద పెట్టకండి, ఆ వేడికి ఉక్కు నీలం తిరిగి మెత్తబడుతుంది. పదును మాసితే నీళ్ళ సాన మీద నెమ్మదిగా తీయండి. అలుగుకు కుట్టుమిషన్ నూనె, పిడికి అవిసె నూనె పలుచగా పట్టించండి. తోలు పనిముట్టే కదా అని తోలు ఒరలో దాచకండి, తోలులోని పులుపూ చెమ్మా ఇనుమును తింటాయి. పొడి నూలుగుడ్డ చాలు. బొట్టు పెట్టాలనిపిస్తే పిడికి పెట్టండి.

ఇంట్లో ఎవరూ పట్టుకోకపోతే, డప్పు కట్టే కుటుంబానికి వాడుకోమని ఇవ్వవచ్చు. ఇచ్చే ముందు ఊళ్ళో ఆ పని తెలిసిన పెద్దాయన ఉంటే ఆయన దగ్గరికి వెళ్ళండి. రంపెను తోలు మీద ఏ వాలులో ఆనించాలో, ఎక్కడ బిగించి ఎక్కడ వదలాలో మాటల్లో చెప్పించుకుంటే సరిపోదు. ఆయన చేయి మీ చేతి మీద ఉండగా ఒక చెప్పు అడుగు కోయండి.