పనిలో స్వేచ్ఛ, పనిలో తోడు

తన పనిని తానే ఎంచుకుని చేసుకునే మనిషి స్వతంత్రుడా, ఒంటరివాడా? ఫ్రీలాన్స్ వృత్తి మీద జరిగే వాదాలన్నిటికీ మూలం ఈ ప్రశ్నే. ఉద్యోగికి పైన అధికారి ఉంటాడు, నెల తిరిగేసరికి జీతమూ వస్తుంది. ఫ్రీలాన్సరుకు ఆ రెండూ లేవు. అధికారిని వదిలించుకుంటే భద్రతను కూడా వదులుకోక తప్పదా అన్నది న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఆచరణలోనే పరీక్షకు వచ్చింది.

2010లో జాషువా వయాల్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు అక్కడ ఎన్‌స్పైరల్ అనే సమూహాన్ని ప్రారంభించారు. లోకానికి పనికొచ్చే పనుల్లో ఎక్కువమంది నిలదొక్కుకోవాలన్నది దాని ఆశయం. కాంట్రాక్టు పనులు చేసుకునేవారు రాబడిలో కొంత ఉమ్మడి నిధికి ఇచ్చేవారు. ఆ నీడన చిన్న చిన్న సంస్థలు పుట్టాయి. ఆర్థిక అసమానతలపై 2011లో సాగిన ఆక్యుపై ఉద్యమ కార్యకర్తలు వీరితో కలవడంతో 2012లో లూమియో అనే కార్మిక సహకార సంస్థ ఏర్పడింది. అది తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో ఒకరు ప్రతిపాదన పెడితే మిగిలినవారు ఒప్పుకోవచ్చు, తటస్థంగా ఉండవచ్చు, విభేదించవచ్చు, లేదా గట్టిగా అడ్డుకోవచ్చు. అడ్డుకున్నవారు కారణం చెబితే చర్చ మళ్లీ మొదలవుతుంది. ఉమ్మడి నిధికి కోబడ్జెట్ అనే పద్ధతి వచ్చింది: ఎవరి వాటా సొమ్మును వారు నచ్చిన ప్రతిపాదనకు కేటాయిస్తారు, కావలసినంత చేరితే పని మొదలవుతుంది.

ఇందులో ఉన్న ఆలోచన భారతీయ చింతనకు కొత్తది కాదు. బౌద్ధ అష్టాంగ మార్గంలో సమ్యక్ ఆజీవం ఒక అంగం. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం, ఈ అయిదింటి వ్యాపారాన్ని బుద్ధుడు ఉపాసకులకు నిషేధించాడు. అంటే ఎంత సంపాదించామన్న దానికన్నా ముందు దేనివల్ల సంపాదించామన్న ప్రశ్న వస్తుంది. పన్నెండో శతాబ్దపు కల్యాణ నగరంలో బసవేశ్వరుడి అనుచరులైన శరణులు దీనికి రెండో సగం చేర్చారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం ద్వారా ఆ శరణుల కథలు తెలుగువారికి పరిచయమే. వారి దృష్టిలో ఎవరి వృత్తిని వారు నిజాయితీగా చేయడం కాయకం. మిగిలినది సమూహానికి అర్పించడం దాసోహం. దాసోహం లేని కాయకం ఒంటరి సంపాదనగా మిగులుతుంది. ఎన్‌స్పైరల్ ఉమ్మడి నిధి చేసిన పని కూడా సరిగ్గా ఇదే: స్వేచ్ఛకు తోడును జతచేసింది.

అయితే స్వేచ్ఛ పేరుతో భారాన్ని కార్మికుడి నెత్తిన మోపే మార్గం కూడా అదే నగరంలో కనిపిస్తుంది. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చిత్రాలకు నమూనాలు చేసిన బ్రైసన్ అనే కార్మికుడు స్వతంత్ర కాంట్రాక్టరు కాదు, ఉద్యోగేనన్న తీర్పును ఆ దేశ సుప్రీంకోర్టు 2005లో నిలబెట్టింది. కాగితం మీద రాసుకున్న పేరు కన్నా పని అసలు స్వభావమే ముఖ్యమన్నది అందులోని సూత్రం. కానీ తర్వాత హాబిట్ చిత్రాల నిర్మాణం దేశం దాటిపోతుందన్న భయంతో ప్రభుత్వం 2010 అక్టోబరులో చట్టాన్ని సవరించింది. లిఖిత ఉద్యోగ ఒప్పందం లేని సినిమా కార్మికులు కాంట్రాక్టర్లే అయ్యారు. వారికి సామూహికంగా బేరమాడే హక్కు 2022 చట్టంతో గానీ రాలేదు. అదే ఏడాది ఉపాధి న్యాయస్థానం నలుగురు ఉబర్ డ్రైవర్లను ఉద్యోగులుగా గుర్తించింది. 2024లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది.

రెండు నమూనాల్లోనూ కార్మికుడి పేరు కాంట్రాక్టరే. మొదటిదాంట్లో నిర్ణయం, నిధి రెండూ అతని చేతిలో ఉన్నాయి. రెండోదాంట్లో నష్టభయం మాత్రమే అతనిది. చిన్న బృందాలు పని స్వరూపాన్ని మంచికి మార్చాయో లేదో తేల్చవలసింది ఈ తేడాతోనే.

బృందం ఎంత మంచిదైనా మోయలేని భారాలు ఉంటాయి; వాటిని చట్టమే మోయాలి. న్యూజీలాండ్ 1974లో తెచ్చిన ప్రమాద పరిహార పథకం స్వయం ఉపాధివారికీ వర్తిస్తుంది. గాయపడినవాడు ఎవరి ఉద్యోగి అన్నదాన్ని బట్టి చికిత్స ఆగదు. జబ్బు సెలవుకూ, జీతంతో కూడిన వార్షిక సెలవుకూ మాత్రం కాంట్రాక్టరుకు చట్టం ఇంకా ఏ హామీ ఇవ్వలేదు.