ప్రవాసం, ఓటు, బాధ్యత: దూరపు పౌరుని నైతిక స్థానం

2023 నవంబరు 30న ఉదయం ఏడు గంటలకు సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో శాసనసభ ఎన్నికల పోలింగు మొదలైనప్పుడు డాలస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర. రియాద్‌లో ఇంకా తెల్లవారలేదు. ఊరు విడిచి అక్కడ ఉంటున్నవారికీ తుంగతుర్తి నియోజకవర్గ ఫలితం సొంత విషయమే. ఆ ఆరాటం నిజమైనదన్న విషయంలో వివాదం లేదు. అయితే అది నిర్ణయాధికారానికి చాలినంత ఆధారమా అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తున్న ప్రశ్న.

మన చట్టం దీనికి ఒక సమాధానం చెప్పింది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 2010 సవరణ ద్వారా చేరిన 20-ఎ సెక్షన్, భారత పౌరసత్వం నిలుపుకున్న ప్రవాసికి పాస్‌పోర్టులోని చిరునామా ప్రకారం ఓటరుగా నమోదయ్యే హక్కునిచ్చింది. ఓటు వేయాలంటే మాత్రం ఆ ఊరి పోలింగు కేంద్రానికి స్వయంగా రావాలి. ప్రతినిధి ద్వారా ఓటు వేసే వీలు కల్పించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించినా అది చట్టం కాకుండానే మురిగిపోయింది. 2024 లోక్‌సభ ఎన్నికలకు నమోదైన ప్రవాస ఓటర్లు దాదాపు 1.19 లక్షలు, వచ్చి ఓటు వేసినవారు 2,958 మంది. వారిలో అత్యధికులు కేరళవారు.

రాజనీతి తాత్త్వికులు ఈ ప్రశ్నపై రెండు వైపులా వాదించారు. ఒక దేశపు చట్టాలకు లోబడి జీవించనివారికి ఆ చట్టాలను నిర్ణయించే హక్కు ఉండరాదని క్లాడియో లోపెజ్-గెర్రా 2005లో వాదించారు. నివాసం కంటే, ఆ సమాజ భవిష్యత్తుతో వ్యక్తి జీవితం ఎంతగా ముడిపడి ఉందన్నదే ముఖ్యమని రైనర్ బౌబాక్ అభిప్రాయం.

మొదటి వాదానికి నల్లగొండ చరిత్రలోనే బలమైన ఆధారం ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. ఫ్లోరైడు నీటి బాధను, సాగునీటి కొరతను దేశం దృష్టికి తేవడానికి జలసాధన సమితి చేసిన పోరాటమది. బ్యాలెట్టు పత్రం పుస్తకమంత పెరిగింది. పోలింగు వాయిదా పడింది. ఆ నామినేషన్ల నైతిక బలం, వాటిని వేసినవారు ఆ నీళ్లే తాగుతున్నారన్న వాస్తవంలో ఉంది. దూరాన ఉన్నవాడు ఆ బాధను తెలుసుకోగలడు, దానికై దుఃఖించగలడు. రేపటి బిందెలోని నీళ్లు మాత్రం అతనివి కావు.

అలాగని ప్రవాసులందరినీ ఒకే గాటన కట్టరాదు. తెలుగు వాడుకలోని రెండు మాటలు ఇక్కడ ఆలోచింపజేస్తాయి. ఉత్తర తెలంగాణ కార్మికుడు దుబాయి వెళితే సాధారణంగా ‘వలస’ అంటాం. ఇంజనీరు డాలస్ వెళితే ‘ప్రవాసం’ అంటాం. ఈ భేదంలో వర్గదృష్టి ఉన్నా, ఒక సత్యమూ ఉంది. గల్ఫ్ దేశాలు ఆ కార్మికునికి సాధారణంగా పౌరసత్వమివ్వవు. అతడు తిరిగి రాక తప్పదు. ఊరి బడి, ఆసుపత్రి, భూమి పట్టా ఈరోజు అతని కుటుంబానివి, రేపు అతనివి. బౌబాక్ ప్రమాణంతో చూస్తే అతని హక్కు బలమైనది. కాని స్వయంగా రావాలన్న నిబంధన మొదట అడ్డగించేది అతణ్ణే. సెలవు, టికెట్టు డబ్బు ఉన్నవారికే ఆ దారి తెరుచుకుంటుంది. “తిరిగి వస్తావా?” అని చట్టం అడిగిన ప్రశ్న సరైనదే; దాన్ని కొలిచే సాధనం విమాన టికెట్టు కావడమే అన్యాయం.

ఓటు లేనివాడికీ ప్రభావం ఉంటుందన్నది మరో చిక్కు. నెలనెలా డబ్బు పంపే కొడుకు పోలింగు ముందురోజు ఫోన్ చేసి “అమ్మా, ఈసారి ఫలానా గుర్తుకే వెయ్యి” అంటే అది సలహాగానే మిగులుతుందా? ఫలితాన్ని అనుభవించేది ఆమె. నిర్ణయం మాత్రం అతనిదవుతుంది. ఈ అధికారాన్ని ఏ చట్టమూ నియంత్రించలేదు. కనుక బాధ్యత అతని వివేకం మీదే ఉంది. చెప్పే ముందు అడగడం ఆ బాధ్యతకు తొలి మెట్టు: నీళ్లు వస్తున్నాయా, పింఛను అందిందా, నువ్వేమనుకుంటున్నావు అని. తిరిగి రావలసినవానికి ఓటు చేరువ చేయడం రాజ్యం విధి అయితే, ఉన్న ఊరిలో ఉన్నవారి మాట వినడం ప్రవాసి విధి.